తీయడం తేలిక, తీసేయడమే పరీక్ష: ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్లు, క్లోన్లతో నాలుగేళ్లు

పూల్, అంటే సర్వర్‌లోని డిస్కులన్నీ కలిపిన ఉమ్మడి స్థలం, 91 శాతం నిండిందని అలర్ట్ వచ్చింది. ఆర్కైవ్ డేటాసెట్‌లో (పూల్‌లో ఒక పనికి విడదీసిన భాగం) 1.6 టెరాబైట్ల పాత లాగ్ ఫైళ్లున్నాయి. వాటితో ఇక పని లేదని టీమ్ వాళ్లు మెయిల్‌లో రాసిచ్చారు కూడా. తీసేశాను. ఖాళీ ఎంత వచ్చిందా అని చూస్తే, ముందు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. స్టోరేజ్ పనికి కొత్తవాళ్లకి ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. ఫైళ్లు పోయాయి, స్థలం రాలేదు, మరి ఎక్కడికి పోయినట్టు? స్నాప్‌షాట్లలో ఉన్నాయి. స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే నిలిపి ఉంచే ప్రతి. ఆ డేటాసెట్‌కి రోజుకొకటి చొప్పున 30 స్నాప్‌షాట్లు ఉన్నాయి. నేను ఫైల్ తీసేసినా అవి దాన్ని వదలవు. వాటిని పెట్టుకున్నదే అందుకు.

డిస్కుల మీద డేటాని సర్ది పెట్టే ఫైల్ సిస్టమ్ ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌ని నేను నాలుగేళ్లుగా రెండు సర్వర్ల మీద నడుపుతున్నాను. ఒకటి డేటాబేస్‌లకి, వర్చువల్ మెషీన్ల వాల్యూమ్‌లకి. రెండోది మొదటిదాని కాపీ ఉంచడానికి. అంతకుముందు ఆరేళ్లు వేరే స్టోరేజ్ బాక్సుల మీద పనిచేశాను. స్నాప్‌షాట్ ఎంత వేగంగా తీస్తుందో డెమోలో అందరూ చూపిస్తారు. తీసేసేటప్పుడు ఏం జరుగుతుందో చూపించినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. నా పనిలో సగం తీసేయడమే కాబట్టి ఈ రివ్యూ ఆ వైపు నుంచే రాస్తున్నాను.

జెడ్‌ఎఫ్‌ఎస్ పని 2001లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మ్యాథ్యూ ఆరెన్స్ మొదలుపెట్టారు. 2005లో అది సోలారిస్ కోడ్‌లో చేరింది. 2013 నుంచి ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌గా నడుస్తోంది. ఇది వాడుకలో ఉన్న బ్లాక్ (డిస్క్ మీద డేటా ముక్క) మీద కొత్త డేటా రాయదు. మార్పు వస్తే కొత్త చోట రాసి, డేటా ఎక్కడుందో చూపే పాయింటర్‌ని అటు తిప్పుతుంది. పాత బ్లాక్ ఏ స్నాప్‌షాట్‌కీ అక్కర్లేకపోతే ఖాళీ స్థలంలో కలుస్తుంది, ఏదైనా స్నాప్‌షాట్‌కి కావాలంటే అక్కడే ఉండిపోతుంది. కాబట్టి 10 గిగాబైట్ల వాల్యూమ్‌కైనా 10 టెరాబైట్ల వాల్యూమ్‌కైనా స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది. తీసిన రోజు దాని ఖర్చు దాదాపు సున్నా. ఆ తర్వాత అసలు డేటా ఎంత మారితే అంత పెరుగుతూ పోతుంది.

ఇక్కడ నా పాత అనుభవం ఒకటి చెప్పాలి. ఇంతకుముందు వాడిన ఒక బాక్స్‌లో స్నాప్‌షాట్ల కోసం విడిగా రిజర్వ్ స్థలం పెట్టాలి. అసలు వాల్యూమ్‌లో ఏదైనా బ్లాక్ మొదటిసారి మారితే, పాతదాన్ని ముందు ఆ రిజర్వ్‌లోకి కాపీ చేశాకే కొత్తది రాసేది. రాతలు నెమ్మదించడం ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ, రిజర్వ్ నిండితే స్నాప్‌షాట్లన్నీ చెల్లకుండా పోవడం. ఒక ఆదివారం రాత్రి డేటాబేస్ ఇండెక్సులు రీబిల్డ్ చేశారు, రిజర్వ్ నిండిపోయింది. సోమవారం పొద్దున ఒక ఫైల్ కావాలని వెళ్తే ఒక్క స్నాప్‌షాట్ కూడా లేదు. ఏ హెచ్చరికా రాలేదు. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌లో పూల్ నిండితే స్నాప్‌షాట్లు అలా మాయం కావు, కొత్త రాతలే ఆగిపోతాయి. ప్రొడక్షన్ ఆగడం చిన్న విషయం కాదని నాకు తెలుసు. అయినా నాకు ఇదే నయం అనిపిస్తుంది. రాతలు ఆగితే నిమిషంలో అందరికీ తెలుస్తుంది. స్నాప్‌షాట్ పోతే, అది అవసరమైన రోజు దాకా ఎవరికీ తెలియదు.

మళ్లీ ఆ 91 శాతం రోజుకి వస్తాను. స్థలం లెక్క విడివిడిగా చూపించే లిస్టింగ్ ఒకటుంది. డేటాసెట్ తనకోసం ఎంత వాడుతోంది, దాని స్నాప్‌షాట్లు ఎంత పట్టుకున్నాయి, పిల్ల డేటాసెట్లు ఎంత అని వేరు వేరు కాలమ్‌లలో ఉంటుంది. నా ఆర్కైవ్‌లో స్నాప్‌షాట్ల కాలమ్ 1.9 టెరాబైట్లు చూపించింది. సరే, పెద్ద స్నాప్‌షాట్ ఏదో చూసి తీసేద్దామని ఒక్కోదాని లెక్క తీశాను. అన్నింటికంటే పెద్దది 6 గిగాబైట్లు. ముప్పైటినీ కూడితే 70 గిగాబైట్లు కూడా లేవు. మరి 1.9 టెరాబైట్లు ఎక్కడున్నట్టు?

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక స్నాప్‌షాట్ ఎదురుగా కనిపించే అంకె, దాన్నొక్కదాన్ని తీసేస్తే ఎంత వస్తుందన్నది మాత్రమే. ఒకే బ్లాక్‌ని రెండు స్నాప్‌షాట్లు పట్టుకుంటే ఆ బ్లాక్ ఇద్దరి లెక్కలోనూ కనిపించదు, మొత్తం లెక్కలోనే కనిపిస్తుంది. ఉమ్మడి ఆస్తి లాంటిది, ఏ ఒక్కరి పేరు మీదా ఉండదు.

అప్పుడు ఉత్తుత్తి డిలీట్ వాడాను. డెస్ట్రాయ్ కమాండ్‌కి ఎన్, వి అనే రెండు అక్షరాలు తగిలిస్తే ఏదీ తీసేయదు, తీసేస్తే ఏమేం పోతాయో, ఎంత స్థలం వస్తుందో మాత్రం చెబుతుంది. రెండు స్నాప్‌షాట్ల పేర్ల మధ్య శాతం గుర్తు పెడితే మధ్యలో ఉన్నవన్నీ కలిపి లెక్క వేస్తుంది. పాతవి 20 తీసేస్తే? 140 గిగాబైట్లు. పాతవి 29 తీసేస్తే? 260 గిగాబైట్లు. నిన్న రాత్రిదాన్ని కూడా కలిపితే? 1.9 టెరాబైట్లు. నేను లాగ్ ఫైళ్లు తీసేసింది ఆ రోజు పొద్దున. అంటే నిన్న రాత్రి స్నాప్‌షాట్ నాటికి అవన్నీ ఉన్నాయి. ఆ ఒక్కటి ఉన్నంతకాలం వెనకవి ఎన్ని తీసేసినా అసలు బరువు దిగదు. ఆ మూడు అంకెలు చూడకపోయి ఉంటే పాతవి 29 తీసేసి, నెల రోజుల చరిత్ర పోగొట్టుకుని, స్థలం మాత్రం రాక కూర్చునేదాన్ని.

నిన్న రాత్రిది రెండో సర్వర్‌కి చేరిందో లేదో చూసుకున్నాను, చేరింది. అయినా వెంటనే తీసేయలేదు. ముందు దానికి ఒక బుక్‌మార్క్ పెట్టాను. రెండో సర్వర్‌కి రోజూ మార్పులు మాత్రమే పంపుతాం. దానికి రెండు వైపులా ఉన్న ఒక ఉమ్మడి స్నాప్‌షాట్ ఆధారం. పంపే వైపు అది పోతే మళ్లీ మొత్తం డేటా మొదటి నుంచి పంపాలి. బుక్‌మార్క్ డేటాని పట్టుకోదు, ఆ స్నాప్‌షాట్ ఏ క్షణంలో తీసిందో ఆ గుర్తుని మాత్రం ఉంచుతుంది. ఆ గుర్తు నుంచి మార్పులు పంపడానికి అది చాలు. రెండో సర్వర్‌కి పంపే ఈ రెప్లికేషన్ ఆ రాత్రి ఏమీ జరగనట్టు నడిచింది. ఇంత చిన్న సదుపాయం గురించి ఇంత రాయడానికి కారణం ఉంది. ఇది తెలియక నేను మొదటి ఏడాది ఒకసారి 18 టెరాబైట్లు మళ్లీ పంపాను. మూడు రోజులు పట్టింది.

ఇక క్లోన్లు. స్నాప్‌షాట్ చదవడానికే, క్లోన్‌లో రాయొచ్చు కూడా. స్నాప్‌షాట్ మీద నిలబడిన ఇంకో వాల్యూమ్ అన్నమాట. పుట్టినప్పుడు దానికంటూ స్థలం దాదాపు ఏమీ ఉండదు, మార్చినంత మేరకే పెరుగుతుంది.

ఒక మధ్యాహ్నం మా టీమ్‌లో కొత్తగా చేరిన డెవలపర్ నా సీటు దగ్గరికి వచ్చి, "మేడమ్, అప్‌డేట్‌లో వేర్ కండిషన్ మర్చిపోయాను" అన్నాడు. ఏ వరుసలు మార్చాలో చెప్పేది ఆ కండిషనే. ముఖం పాలిపోయి ఉంది. ఆర్డర్ల టేబుల్‌లో స్టేటస్ కాలమ్ మొత్తం ఒకే విలువకి మారిపోయింది, 4 లక్షల వరుసలు. అతను ఆ కమాండ్ నొక్కింది 2:21కి, నాకు చెప్పింది 2:40కి. డేటాబేస్‌కి మేం 15 నిమిషాలకొక స్నాప్‌షాట్ తీస్తాం కాబట్టి 2:15ది ఉంది. పక్కనున్నవాళ్లు "రోల్‌బ్యాక్ చేసేద్దాం" అన్నారు. వద్దన్నాను. రోల్‌బ్యాక్ అంటే డేటాసెట్ మొత్తాన్ని ఆ స్నాప్‌షాట్ నాటికి తిప్పేయడం. అలా చేస్తే 2:15 తర్వాత అందరూ చేసిన పని పోతుంది. పైగా ఆ తర్వాత తీసిన 2:30 స్నాప్‌షాట్‌ని కూడా తీసేస్తే తప్ప రోల్‌బ్యాక్ ఒప్పుకోదు. అంటే వెనక్కి వెళ్లడం తప్పని తర్వాత తెలిస్తే, ముందుకి రావడానికి దారి ఉండదు.

2:15 స్నాప్‌షాట్ నుంచి క్లోన్ చేశాను. ఒక్క క్షణం. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. దాని డేటా ఒక డేటాసెట్‌లో, మార్పులని ముందుగా రాసుకునే వాల్ లాగ్ ఇంకో డేటాసెట్‌లో ఉంటాయి. రెండింటి స్నాప్‌షాట్లూ ఒకే క్షణానివి అయితేనే డేటాబేస్ లేస్తుంది. పై డేటాసెట్ మీద ఆర్ ఆప్షన్‌తో తీస్తే కింద ఉన్నవన్నీ ఒకేసారి పడతాయి. అదే పద్ధతి పెట్టుకున్నాం కాబట్టి ఆ చిక్కు రాలేదు. క్లోన్‌లో మొదట చేసిన పని పోస్ట్‌మాస్టర్ పిఐడి ఫైల్ తీసేయడం. అసలు డేటాబేస్ నడుస్తున్నప్పుడు తీసిన స్నాప్‌షాట్ కాబట్టి ఆ ఫైల్ కూడా కాపీలో వచ్చేస్తుంది. అందులోని ప్రాసెస్ నంబర్ ఇంకా బతికే ఉండటంతో కొత్తది లేవనంటుంది. ఆ ఫైల్ తీసే ముందు నేనున్న డైరెక్టరీ ఏదో రెండుసార్లు చదువుకున్నాను, పక్కన నిలబడ్డ అబ్బాయి చేత కూడా చదివించాను. తర్వాత పోర్ట్ నంబర్ మార్చాను, వాల్ లాగ్‌లని భద్రపరిచే చోటికి పంపే ఆర్కైవ్ కమాండ్ ఆపేశాను. అది ఆపకపోతే క్లోన్ తన లాగ్‌లని ప్రొడక్షన్ ఆర్కైవ్‌లో కలిపేస్తుంది. ఈ విషయం ఎవరైనా మర్చిపోతే తర్వాత వచ్చే నష్టం అసలు పొరపాటు కంటే పెద్దది.

డేటాబేస్ తన రికవరీ చేసుకుని రెండు నిమిషాల్లోపే లేచింది. అక్కడి నుంచి ఆర్డర్ నంబర్, స్టేటస్ రెండు కాలమ్‌లు బయటికి తీసి అసలు టేబుల్‌లో పెట్టాం. 2:15 తర్వాత నిజంగానే స్టేటస్ మారిన ఆర్డర్లని హిస్టరీ టేబుల్ చూసి విడిగా సరిచేశాం. 3:25కి పని పూర్తయింది. కుర్రాడు అప్పటికి గానీ మంచినీళ్లు తాగలేదు.

ఇంత మంచి సాధనానికి ఒక మెలిక ఉంది. క్లోన్ బతికి ఉన్నంతకాలం అది పుట్టిన స్నాప్‌షాట్‌ని తీసేయలేం. డిపెండెంట్ క్లోన్లు ఉన్నాయని ఆపేస్తుంది. మా టెస్టింగ్ టీమ్‌లో ఒకరు "వారం రోజులకి" అని తీసుకున్న క్లోన్ ఎనిమిది నెలలు ఉండిపోయింది. క్లోన్ లెక్కలో చూపించేది 12 గిగాబైట్లే, అందుకే ఎవరి కంటా పడలేదు. దాని వెనకున్న స్నాప్‌షాట్ మాత్రం ఎనిమిది నెలల నాటి 740 గిగాబైట్ల పాత బ్లాకులని పట్టుకుని కూర్చుంది. ఆ స్థలం ప్రొడక్షన్ డేటాసెట్ ఖాతాలో పడుతుంది. వాడేది ఒకరు, లెక్క ఇంకొకరి మీద.

ఇలాంటప్పుడు ప్రమోట్ చేయమని సలహా ఇస్తుంటారు. ప్రమోట్ అంటే కొమ్మని మాను చేసి, మానుని కొమ్మ చేయడం. స్నాప్‌షాట్ క్లోన్ వైపుకి పోతుంది, అసలు డేటాసెట్ దాని మీద ఆధారపడ్డదవుతుంది. దాంతో స్థలమేమీ రాదు, లెక్క ఎవరి పేరు మీద ఉందన్నదే మారుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌ని క్లోన్‌లో చేసి, బాగుందనుకుని ఇక అదే అసలుది కావాలనుకున్నప్పుడు ప్రమోట్ చాలా పనికొస్తుంది. టెస్ట్ క్లోన్ కోసం ప్రొడక్షన్‌ని కొమ్మగా మార్చడం మాత్రం నేను చేయను. కూర్చుని మాట్లాడితే ఆ టెస్టర్‌కి నిజంగా కావలసింది మూడు టేబుళ్లే అని తేలింది. వాటిని డంప్ తీసి కొత్త క్లోన్‌లో పెట్టి పాతది తీసేశాం. డెస్ట్రాయ్‌కి పెద్ద ఆర్ ఆప్షన్ పెడితే స్నాప్‌షాట్‌తో పాటు దాని క్లోన్లన్నీ అడక్కుండా పోతాయి. దాన్ని స్క్రిప్టుల్లో పెట్టొద్దని మా టీమ్‌కి గట్టిగా చెప్పాను.

అప్పటి నుంచి ప్రతి క్లోన్‌కీ ఓనర్ పేరు, గడువు తేదీ దాని మీదే రాసి పెడుతున్నాం. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మనకి నచ్చిన ప్రాపర్టీ పెట్టుకోవచ్చు, పేరులో ఒక కోలన్ ఉంటే చాలు. విడిగా షీట్ మెయింటెయిన్ చేయక్కర్లేదు.

టెస్ట్ కాపీల గురించి ఇంకో మాట. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు టెస్టర్లకి కనిపించకూడదు, మాస్కింగ్ చేయాలి. మొదట్లో ప్రతి క్లోన్‌లో విడివిడిగా మాస్కింగ్ నడిపేవాళ్లం. అది సగం టేబుళ్లని తిరగరాస్తుంది, కాబట్టి ఉచితం అనుకున్న ప్రతి క్లోనూ వందల గిగాబైట్లయ్యేది. ఇప్పుడు ఒక క్లోన్‌లో ఒక్కసారే మాస్క్ చేసి, దానికి స్నాప్‌షాట్ తీసి, టెస్టర్ల క్లోన్లన్నీ ఆ స్నాప్‌షాట్ నుంచే చేస్తున్నాం. మాస్కింగ్ ఖర్చు ఒక్కసారితో పోతుంది.

రికార్డ్ సైజ్ (ఫైల్‌ని ఎంతెంత ముక్కలుగా రాస్తుందో ఆ కొలత) కూడా ముందే చూసుకోండి. డిఫాల్ట్ 128 కిలోబైట్లు, పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కిలోబైట్లు. ఒక పేజీ మారినా మొత్తం 128 కిలోబైట్ల రికార్డ్ కొత్తగా రాయాలి, పాతది స్నాప్‌షాట్‌లో ఉండిపోతుంది. స్నాప్‌షాట్లు ఎందుకింత ఉబ్బుతున్నాయని తల పట్టుకునేవాళ్లు చాలాసార్లు ఇది చూసుకోరు. తర్వాత మార్చినా కొత్తగా రాసే ఫైళ్లకే వర్తిస్తుంది.

వర్చువల్ మెషీన్లకి డిస్కులా ఇచ్చే బ్లాక్ వాల్యూమ్‌ల దగ్గర స్నాప్‌షాట్ తీయడం అంత సులువుగా ఉండదు. మామూలుగా సృష్టిస్తే వాల్యూమ్‌కి పూర్తి స్థలం రిజర్వ్ అవుతుంది. 500 గిగాబైట్ల వాల్యూమ్‌లో 300 నిండి ఉంటే, స్నాప్‌షాట్ తీయడానికి పూల్‌లో ఇంకో 300 ఖాళీ ఉండాలి, లేకపోతే స్థలం లేదంటుంది. రేపు ఆ 300 మొత్తాన్ని తిరగరాసినా సరిపోవాలన్న హామీ అది. హామీ నిజాయితీగలదే, కానీ మొదటిసారి ఆ ఎర్రర్ చూసినవాళ్లకి ఏమీ అర్థం కాదు. రిజర్వ్ లేకుండా స్పార్స్‌గా చేస్తే ఈ చిక్కు ఉండదు, అప్పుడు పూల్ నిండకుండా చూసే బాధ్యత మనది. ఇంకొకటి, వాల్యూమ్ క్లోన్‌ని అసలుది ఉన్న మెషీన్‌కే తగిలిస్తే లోపలి ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాదు, రెండింటికీ ఒకే యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) కాబట్టి. నోయూయూఐడీ ఆప్షన్‌తో మౌంట్ చేయాలి. లోపల ఎల్‌వీఎమ్ (లినక్స్‌లో వాల్యూమ్‌లని నిర్వహించే పొర) ఉంటే వీజీఇంపోర్ట్‌క్లోన్ అనే కమాండ్ నడపాలి.

నాకు నిజంగా లోటనిపించేది ఒకటే. సర్వర్ మీద అన్ని అధికారాలూ ఉన్న రూట్ ఖాతా దుండగుల చేతికి చిక్కితే ఏ స్నాప్‌షాట్‌కీ రక్షణ లేదు. స్నాప్‌షాట్‌ని తీసేయకుండా ఆపే హోల్డ్ పెట్టొచ్చు, కానీ రూట్ ఆ హోల్డ్‌నే తీసేయగలడు. గడువు దాకా అడ్మిన్ కూడా తీసేయలేని స్నాప్‌షాట్లు కొన్ని పెద్ద స్టోరేజ్ బాక్సుల్లో ఉన్నాయి. రాన్సమ్‌వేర్ రోజుల్లో అది చిన్న తేడా కాదు. మా దగ్గర రెండో సర్వరే వచ్చి డేటా లాక్కుంటుంది. మొదటి సర్వర్‌కి రెండోదాని మీద ఏ అధికారమూ లేదు. బ్యాకప్ యూజర్‌కి పంపే, హోల్డ్ పెట్టే హక్కులు మాత్రమే ఇచ్చాం, డెస్ట్రాయ్ ఇవ్వలేదు. కొంత ధైర్యం వచ్చింది, పూర్తిగా కాదు.

కొత్త వెర్షన్లకి తొందరపడను. 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2లో బ్లాక్ క్లోనింగ్ అని, ఫైల్ కాపీ చేస్తే బ్లాకులు పంచుకునే సదుపాయం వచ్చింది. కొద్ది వారాల్లోనే డేటా పాడవుతోందని తెలిసి 2.2.1లో దాన్ని ఆపేశారు. అసలు తప్పు అంతకంటే పాత కోడ్‌లో ఉందని తేల్చి 2.2.2లో, 2.1.14లో సరిచేశారు. దాచకుండా బయటే చర్చించి తేల్చడం నాకు నచ్చింది. అయినా మా పద్ధతి మాది. కొత్త వెర్షన్ ముందు రెండో సర్వర్ మీద నెల రోజులు నడవాలి, స్క్రబ్ (పూల్‌లోని డేటా మొత్తం చదివి సరిచూడటం) తప్పు లేకుండా పూర్తవ్వాలి, ఆ తర్వాతే మొదటిదాని మీదికి.

కమాండ్ లైన్ అంటే భయం లేని ఒక్కరైనా టీమ్‌లో ఉంటే ఇది తీసుకోండి. ఉత్తుత్తి డిలీట్ ఇచ్చే ఆ ఒక్క అంకె కోసమైనా నేను మళ్లీ ఇదే ఎంచుకుంటాను. మా దగ్గర శుక్రవారం సాయంత్రం తీసేసే పని. ఈ వారం మూడు క్లోన్ల గడువు ముగుస్తోంది. రెండింటి ఓనర్లు సరేనన్నారు. మూడోవారు ఇంకో వారం అడిగారు. దాని వెనక స్నాప్‌షాట్ ఎంత పట్టుకుందో చూశాను, 9 గిగాబైట్లే, కొత్త తేదీ రాశాను.